ఒక్క ఏడాది లాభం చూసి షేరు అగ్గువ అనకండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఆదివారం బిజినెస్ పేజీలో మీరు వేస్తున్న 'తక్కువ పీఈ షేర్లు' పట్టిక గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కంపెనీ పేరు, షేరు ధర, కిందటి ఏడాది ఒక్కో షేరు మీద వచ్చిన లాభం, ధరను ఆ లాభంతో భాగిస్తే వచ్చే పీఈ, అంతే ఉంటుంది అందులో. పీఈ పది లోపు ఉంటే పక్కన ఆకుపచ్చ చుక్క పెడుతున్నారు. ఆ చుక్క చూసి డబ్బు పెట్టేవాళ్లు మా మిర్యాలగూడలో చాలామంది ఉన్నారు. రైస్ మిల్లుల గుమాస్తాలు, ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు, మాలాంటి పెన్షనర్ల పిల్లలు, అందరి ఫోన్లలోనూ ట్రేడింగ్ యాప్ ఉంది. ఉదయం పేపర్ చూసి, సోమవారం మార్కెట్ తెరవగానే కొనేస్తున్నారు. కాబట్టి ఆ చుక్క ఏ షేరు పక్కన పడుతోందన్నది చిన్న విషయం కాదు.

నా విన్నపం ఒక్కటే. ఆ పట్టికలో ఇంకో గడి చేర్చండి. కంపెనీ గత పదేళ్లలో సంపాదించిన లాభాలన్నిటినీ ఈనాటి రూపాయల్లోకి మార్చి, సగటు తీసి, షేరు ధరను ఆ సగటుతో భాగిస్తే వచ్చే అంకె అందులో వేయండి. అది లేకుండా ఒక్క ఏడాది పీఈ మాత్రమే వేయడం వల్ల పాఠకులకు మేలు కంటే నష్టమే ఎక్కువ జరుగుతోందని నా గట్టి నమ్మకం. ఎందుకో వివరంగా రాస్తాను. ఉత్తరం పొడుగైంది, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

నేను ఖజానా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. జీతాల బిల్లులు, డీఏ ఎరియర్లు, పెన్షన్ లెక్కలు చాలా ఏళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. షేర్ల వ్యాపారం నా వృత్తి కాదు. కానీ పాత రూపాయిని కొత్త రూపాయిలోకి మార్చే లెక్క నాకు బాగా తెలుసు. డీఏ అంటేనే ఆ లెక్క. రిటైరయ్యాక కంపెనీల వార్షిక నివేదికలు తెప్పించుకుని, పొడుగాటి రిజిస్టరులో పదేళ్లకు పది గడులు గీసుకుని రాసుకోవడం అలవాటైంది. ఈ ఉత్తరంలో రాసేదంతా ఆ రిజిస్టరు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ముందు సిమెంటు సంగతి చెబుతాను. మా ప్రాంతానికి దగ్గరి విషయం అది. మఠంపల్లి, మేళ్లచెరువు, హుజూర్‌నగర్, ఇటు వాడపల్లి దాకా సున్నపురాయి దండిగా ఉంది కాబట్టి ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఈ కృష్ణా తీరమంతా సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. మా తమ్ముడి కొడుకు వాటిలో ఒక దాంట్లో ల్యాబ్‌లో పనిచేస్తాడు. 2021లో అతను దాచుకున్న డబ్బులో పెద్ద భాగం ఒక సిమెంటు కంపెనీ షేర్లలో పెట్టాడు. తాను పనిచేసేది కాదు, వేరేది. దాని పేరు ఇక్కడ అనవసరం. "అత్తమ్మా, పీఈ ఎనిమిదే ఉన్నది. వంద రూపాయలు పెడితే ఏడాదికి పన్నెండున్నర సంపాదిస్తున్న కంపెనీ. బ్యాంకుల ఆరు రూపాయల మిత్తి కూడా వస్తలేదు. ఇంతకన్న అగ్గువకు యాడ దొరుకుతది?" అన్నాడు.

భాగహారం వరకు అతను చెప్పింది సరిగ్గానే ఉంది. అసలు చిక్కు ఏ లాభంతో భాగించాడు అన్నదాంట్లో ఉంది.

సిమెంటు ఫ్యాక్టరీ నడిచే తీరు చూడండి. కిల్న్ అనే పెద్ద కొలిమిలో దాదాపు 1450 డిగ్రీల వేడి పుట్టిస్తే తప్ప క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు, తయారు కాదు. అందుకని ఖర్చులో బొగ్గు, పెట్‌కోక్ (చమురు శుద్ధి చేశాక మిగిలే ఇంధనం), కరెంటుదే పెద్ద వాటా. యంత్రాల మీద తెచ్చిన అప్పుకు వడ్డీ, తరుగుదల, జీతాలు మాత్రం బస్తా అమ్మినా అమ్మకపోయినా ఉండేవే. బస్తా ధర కాస్త పెరిగి, అదే సమయంలో బొగ్గు చౌకగా దొరికిందంటే, ఆ తేడా అంతా నేరుగా లాభంలోకి వచ్చి పడుతుంది. లాభం ఒక్క ఏడాదిలో రెట్టింపు కావచ్చు. బస్తా ధర తగ్గి బొగ్గు పెరిగితే అదే వేగంతో కరిగిపోతుంది. దక్షిణాదిలో అవసరానికి మించి ఫ్యాక్టరీలు ఉండటం వల్ల ఇక్కడ ఈ ఊగిసలాట ఇంకా ఎక్కువ. ప్రభుత్వాలు ఇళ్ల పథకాలు, ప్రాజెక్టుల పనులు గట్టిగా చేసిన ఏళ్లు ఒక రకం, బిల్లులు ఆగి పనులు పడకేసిన ఏళ్లు ఇంకో రకం.

లాక్‌డౌన్ తర్వాత ఇంధనం చౌకగా ఉండి, గిరాకీ తిరిగి వచ్చిన ఆ కాలంలో సిమెంటు కంపెనీల లాభాలు బాగా పెరిగాయి. మావాడు కొన్నది సరిగ్గా అప్పుడే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బొగ్గు, పెట్‌కోక్ ధరలు భగ్గుమన్నాయి. లాభాలు పడిపోయాయి.

బత్తాయి తోట కొనేటప్పుడు మా నల్గొండ రైతు ఎవరైనా ఒక్క ఏడాది కాపు చూసి ధర కడతాడా? బోర్లు ఎండిన ఏడాది కాత ఎంత, ధర పలికిన ఏడాది ఎంత, మార్కెట్‌లో కాయ పారబోసిన ఏడాది ఎంత, అన్నీ అడుగుతాడు. అడగకుండా కొంటే ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు. షేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిందటి ఏడాది లాభం ఒక్కటీ చాలు అనుకుంటున్నాం. యాప్‌లు అదే చూపిస్తున్నాయి, పత్రికలూ అదే వేస్తున్నాయి.

ఇప్పుడు అంకెల్లో చూపిస్తాను. అసలు అంకెలు రాస్తే ఆ కంపెనీ ఏదో తెలిసిపోతుంది కాబట్టి, లెక్క సులువుగా ఉండేలా నేను ఊహించి వేసినవి ఇవి. వరస మాత్రం నిజంగా జరిగిన దానికి దగ్గరగానే ఉంటుంది. పదేళ్లలో షేరుకు వచ్చిన లాభం వరుసగా 10, 6, 4, 9, 12, 14, 11, 16, 22, 40 రూపాయలు అనుకోండి. షేరు ధర 320 రూపాయలు. కిందటి ఏడాది లాభం 40తో భాగిస్తే పీఈ 8. మీ పట్టికలో ఆకుపచ్చ చుక్క పడుతుంది. పదేళ్ల లాభాలు కలిపితే 144, సగటు 14 రూపాయల 40 పైసలు. ధరను దాంతో భాగిస్తే 22 వస్తుంది. ఎనిమిదెక్కడ, ఇరవై రెండెక్కడ!

అయితే ఈ 22 కూడా సరైన అంకె కాదు. పదేళ్ల కిందటి పది రూపాయలనూ, ఈనాటి నలభై రూపాయలనూ ఒకే గంపలో వేసి కలిపాం. అప్పటి పది రూపాయలతో కొన్నన్ని సరుకులు ఇప్పుడు పది రూపాయలకు రావు. ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగాయనుకుంటే, మొదటి ఏడాది పది రూపాయలు ఈనాటి లెక్కలో పదిహేనున్నర. రెండో ఏడాది ఆరు రూపాయలు దాదాపు తొమ్మిది. అలా ప్రతి ఏడాది లాభాన్నీ ఈనాటి రూపాయల్లోకి తెచ్చి కలిపితే మొత్తం 168 రూపాయలకు కాస్త తక్కువ, సగటు 16 రూపాయల 80 పైసలు. ధరను దాంతో భాగిస్తే 19. నేను అడుగుతున్న గడిలో వేయాల్సిన అంకె ఇది. ఈ కంపెనీని 22 అని చూపిస్తే కంపెనీకి అన్యాయం, 8 అని చూపిస్తే కొనేవాడికి అన్యాయం.

వంద రూపాయల పెట్టుబడి మీద పన్నెండున్నర సంపాదన అని మావాడు లెక్కేశాడు కదా, ఈ లెక్కన అది ఐదుంపావు. ఆ ఐదుంపావు కూడా చేతికి రాదు. అందులో డివిడెండ్‌గా ఇచ్చేది కొంతే, మిగతాది కంపెనీలోనే ఉంటుంది. ఐదుంపావు అసలు మంచిదేనా కాదా అన్నది వేరే చర్చ. ధరల పెరుగుదల తీసేశాక మిగిలే సంపాదన కాబట్టి, దాన్ని పోల్చాల్సింది కూడా ధరల పెరుగుదల తీసేశాక బ్యాంకు వడ్డీలో మిగిలే దానితోనే. అలా పోలిస్తే మరీ చెడ్డదేం కాదు. కానీ పన్నెండున్నర వస్తుందని నమ్మి పెట్టిన డబ్బు, ఐదుంపావని తెలిసి పెట్టిన డబ్బు ఒకటి కావు. తెలిసి ఉంటే దాచుకున్నదాంట్లో అంత పెద్ద భాగం అక్కడ పెట్టేవాడు కాదు.

కథ అక్కడితో అయిపోలేదు. మరుసటి ఏడాది లాభం 13 రూపాయలకు పడిపోయి, షేరు ధర 200కు దిగిందనుకోండి. ఇప్పుడు పీఈ 15. మీ పట్టికలోంచి ఆ కంపెనీ మాయమవుతుంది, ఆకుపచ్చ చుక్క పోతుంది. "పీఈ డబుల్ అయింది అత్తమ్మా, ఇప్పుడు పిరమైంది" అని మావాడు నష్టానికి అమ్మేశాడు. కానీ పదేళ్ల సగటు మళ్లీ వేసి చూడండి. పాత పది రూపాయల ఏడాది లెక్కలోంచి వెళ్లిపోయి 13 చేరితే, ఈనాటి రూపాయల్లో సగటు 17 రూపాయల 30 పైసల దగ్గర ఉంటుంది. 200ను దాంతో భాగిస్తే పదకొండున్నర. అంటే 19 దగ్గర కొని, 11.5 దగ్గర అమ్మాడు. ఒక్క ఏడాది పీఈ అతన్ని కొనేటప్పుడూ తప్పుదోవ పట్టించింది, అమ్మేటప్పుడూ తప్పుదోవ పట్టించింది. లాభాలు ఊగిసలాడే వ్యాపారాలన్నిట్లోనూ, సిమెంటు, ఉక్కు, చక్కెర, రసాయనాలు ఏవైనా సరే, ఇది పదే పదే జరుగుతుంది. లాభం శిఖరం మీద ఉన్నప్పుడు పీఈ అతి తక్కువగానూ, లాభం అడుగంటినప్పుడు అతి ఎక్కువగానూ కనిపిస్తుంది. ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఏమిటంటే, మావాడు సోమరిగా కొనలేదు. పేపర్‌లో వచ్చిన అంకెను చూసి, దాన్ని నమ్మి, భాగహారం చేసుకుని మరీ కొన్నాడు.

ధరల పెరుగుదలకు ఏ అంకె వాడాలని మీరు అడగవచ్చు. మా డీఏ దేనిమీద నడుస్తుందో దాన్నే వాడవచ్చు. కేంద్ర లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని నెలనెలా ప్రకటిస్తుంది. 2013 డిసెంబరులో ఆ సూచీ 239. అది 2001ని వందగా తీసుకున్న సూచీ. తర్వాత ఆధార సంవత్సరాన్ని 2016కు మార్చారు. 2023 డిసెంబరులో కొత్త సూచీ 138.8. చూడగానే ధరలు తగ్గాయా అనిపిస్తుంది. కొత్త సూచీని పాతదానిలోకి మార్చడానికి 2.88తో గుణించాలి. గుణిస్తే దాదాపు 400. అంటే ఆ పదేళ్లలో వంద రూపాయల ఖర్చు 167 రూపాయలైంది. అంతకు ముందు 1982 ఆధారం నుంచి 2001కి మారినప్పుడు గుణకం 4.63. ఖజానాలో పనిచేసినవాళ్లకు ఈ రెండు గుణకాలు నిద్రలో లేపి అడిగినా నోటికి వస్తాయి. ఇరవై ఏళ్ల లాభాలు లెక్క కట్టాలన్నా ఈ రెంటితో సరిపోతుంది. దీనికి పెద్ద కంప్యూటర్లేవీ అక్కర్లేదు.

మా జీతం విషయంలో ధరలు పెరిగాయని డీఏ అడుగుతాం. పాత పెన్షన్ అంకెనూ ఇప్పటి అంకెనూ పక్కపక్కన పెట్టి ఎవరైనా పోలిస్తే అదేం లెక్క అంటాం. అదే న్యాయం కంపెనీ లాభాల దగ్గర ఎందుకు మరిచిపోతున్నామో నాకు అర్థం కాదు. 'పదేళ్లలో లాభం 60 శాతం పెంచుకున్న కంపెనీ' అని ఆ మధ్య మీ పేజీలోనే చదివాను. ధరలే 67 శాతం పెరిగిన పదేళ్లు తీసుకుంటే, అక్కడ పెరిగిందేమీ లేదు, కాస్త తగ్గింది.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1929లో అమెరికా మార్కెట్ కుప్పకూలాక, 1934లో బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ అనే ఇద్దరు ఒక్క ఏడాది లాభాన్ని నమ్మవద్దనీ, కనీసం ఐదేళ్లు, వీలైతే ఏడు నుంచి పదేళ్ల సగటు చూడాలనీ రాశారు. 1988లో జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్తలు ధరల పెరుగుదలను సరిచేసి దీర్ఘకాల సగటు లాభంతో మార్కెట్ మొత్తాన్ని కొలిచారు. దాన్నే ఇప్పుడు షిల్లర్ పీఈ అనీ, కేప్ అనీ అంటున్నారు. షిల్లర్‌కు 2013లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో ఆ అంకె 1929లో 30 దాటింది, 2000 దగ్గర 44 దాకా వెళ్లింది. ఆ రెండు సందర్భాల తర్వాత ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్క ఏడాది పీఈ ఎంత వింతగా మారుతుందో 2009లో తెలిసింది. అమెరికా కంపెనీల్లో, ముఖ్యంగా బ్యాంకుల్లో నష్టాలు రాసేసుకోవడంతో లాభాలు దాదాపు మాయమై, అక్కడి ప్రధాన సూచీ పీఈ వంద దాటిపోయింది. షేర్లు నేలకు దిగిన సమయమది! పదేళ్ల సగటుతో కొలిస్తే అది 13 ప్రాంతంలో ఉంది. మన దగ్గర 2021 మొదట్లో నిఫ్టీ, అంటే యాభై పెద్ద కంపెనీల సూచీ, పీఈ 40 దాటింది. కరోనా ఏడాది లాభాలు అందులో భాగహారం కింద ఉన్నాయి కాబట్టి. ఆపైన ఆ మార్చి నెలాఖరున నిఫ్టీని లెక్కగట్టే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ) వాళ్లు అనుబంధ కంపెనీల లాభాలను కూడా కలిపి లెక్కించడం మొదలుపెట్టడంతో 40 దగ్గరున్న పీఈ ఒక్కసారిగా 33 దగ్గరికి వచ్చింది. షేర్ల ధరల్లో ఏ మార్పూ లేకుండానే! మీ పేజీలో ఇరవై ఏళ్ల నిఫ్టీ పీఈ గ్రాఫు వేసినప్పుడు ఈ సంగతి కింద ఒక్క లైనులోనైనా రాయాలి. రాయకపోతే 2021కి ముందు మార్కెట్ చాలా పిరం, తర్వాత అగ్గువ అని చదివినవాళ్లు అనుకుంటారు.

ప్రభుత్వ బ్యాంకుల షేర్ల గురించి కూడా రాయాలి. మీ పట్టికలో తరచూ పైవరసల్లో కనిపించేవి అవే. 2015లో రిజర్వు బ్యాంకు మొండి బాకీలను బయటికి తీయించడం మొదలుపెట్టాక, 2015-16 నుంచి 2019-20 దాకా వరుసగా ఐదేళ్లు ప్రభుత్వ బ్యాంకులు అన్నీ కలిపి నష్టాల్లోనే ఉన్నాయి. 2017-18 ఒక్క ఏడాదే నష్టం 85 వేల కోట్లు దాటింది. అవే బ్యాంకులు 2022-23లో లక్ష కోట్లు, 2023-24లో లక్షా 40 వేల కోట్లు దాటి లాభం చూపాయి. ఆ రికార్డు ఏడాది లాభంతో భాగిస్తే పీఈ తక్కువ రాక ఏమవుతుంది? ముందరి ఐదేళ్లలో ఏం జరిగిందో ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

మా పెన్షనర్ల సంఘంలో ఒకాయన దీనికి గట్టి జవాబే ఇచ్చారు. "మీ పదేళ్ల సగటు నమ్ముకుంటే 2021లో ప్రభుత్వ బ్యాంకు షేరు ఒక్కటి కూడా కొనేవాళ్లం కాదు మేడమ్. కొన్నవాళ్లకు రెండు మూడింతలైంది కదా" అన్నారు. ఆయన మాట నిజం. నష్టాల ఏళ్లు సగటును కిందికి లాగి, ఆ బ్యాంకులను అసలు కన్నా పిరంగా చూపించేవి. మొండి బాకీలు ఒకసారి రాసేసుకున్నాక బ్యాంకు నిజంగా మారిందా లేదా అన్నది ఈ అంకె చెప్పలేదు. దానికి బ్యాంకు పుస్తకాలు చదవాల్సిందే. మంచి ఏళ్లు, చెడ్డ ఏళ్లు కలిసి ఆ కంపెనీ ఎంత సంపాదించిందో మాత్రం ఇది చెబుతుంది. ఈసారి అంతకంటే బాగుంటుందని నమ్మేవాళ్లు, ఎందుకు బాగుంటుందో తమకు తాము చెప్పుకోగలగాలి. రెండు అంకెలూ పక్కపక్కన ఉంటే ఆ ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఒక్కటే ఉంటే రాదు. అందుకే నేను పాత గడి తీసేయమనడం లేదు, కొత్తది చేర్చమంటున్నాను.

ఈ కొలత ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో చెప్పేది కూడా కాదు. 1996 డిసెంబరులోనే క్యాంప్‌బెల్, షిల్లర్ అమెరికా కేంద్ర బ్యాంకు పెద్దల ముందు కూర్చుని మార్కెట్ చాలా ఎక్కువ ధరలో ఉందని వివరించారు. మార్కెట్ మాత్రం 2000 మార్చి దాకా పెరుగుతూనే పోయింది. వేగంగా ఎదిగే కంపెనీకి పదేళ్ల సగటు వేస్తే అది ఎప్పుడూ పిరంగానే కనిపిస్తుంది. నిన్నమొన్న పుట్టిన కంపెనీకి పదేళ్ల లెక్కే ఉండదు. వాటికి ఆ గడిలో గీత పెట్టి వదిలేయండి. ఆ గీత కూడా పాఠకుడికి ఉపయోగపడే సమాచారమే. ఒక సిమెంటు కంపెనీని ఇంకో సిమెంటు కంపెనీతోనో, దాని పాత అంకెతోనో పోల్చాలి గానీ, సబ్బుల కంపెనీతో పోల్చకూడదు.

పట్టిక తయారుచేసే మీ సిబ్బందికి కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ఇవి రిజిస్టరు రాస్తూ రాస్తూ తెలిసినవి. పది రూపాయల ముఖ విలువ షేరును రెండు రూపాయలకు విడగొడితే, అంతకు ముందు ఏళ్ల లాభాన్ని ఐదుతో భాగించుకోవాలి. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే సగం చేసుకోవాలి. పాత వార్షిక నివేదికలో ఉన్న అంకెను ఉన్నట్టే ఎక్కిస్తే మొత్తం లెక్క పాడవుతుంది. అనుబంధ కంపెనీలు ఉన్నచోట పదేళ్లూ వాటిని కూడా కలిపి చూపే కన్సాలిడేటెడ్ అంకెలే తీసుకోవాలి, సగం అవీ సగం ఇవీ కాకుండా. విలీనాలు జరిగినచోట ఇంకా జాగ్రత్త కావాలి. మనందరికీ తెలిసిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్నవి ఒకే సంస్థ లెక్కలు కావు.

నష్టం వచ్చిన ఏడాదిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలేయకూడదు. 'ఇది ఒక్కసారి వచ్చిన ప్రత్యేక నష్టం' అని కంపెనీలు రాస్తుంటాయి. జెరెమీ సీగెల్ లాంటి పెద్ద ప్రొఫెసర్లు అలాంటివి కలిపితే సగటు మరీ తగ్గిపోతుందని వాదించారు, అందులో కొంత న్యాయం ఉంది. కానీ నా రిజిస్టరులో కొన్ని కంపెనీలకు ఆ 'ఒక్కసారి' నష్టం రెండు మూడేళ్లకోసారి వస్తూనే ఉంది. అందుకని నేను కలిపే రాస్తాను. పన్ను సంగతి మాత్రం సరిచేయాలి. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీ పన్ను రేటును 22 శాతానికి తగ్గించింది, సర్‌చార్జీ సెస్సులతో 25 శాతం పైన. అంతకు ముందు పెద్ద కంపెనీలకు అది దాదాపు 35. కాబట్టి 2019కి ముందు ఏళ్లకు పన్ను ముందు లాభం తీసుకుని, ఇప్పటి రేటు వేసి చూస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఇంత పని ప్రతివారం చేయనక్కర్లేదు. ఏడాది ఫలితాలు వచ్చాక ఒకసారి లెక్క కట్టి పెట్టుకుంటే, వారం వారం మారేది షేరు ధర ఒక్కటే.

అన్ని కంపెనీలతో ఒకేసారి మొదలుపెట్టడం కష్టమైతే సిమెంటుతో మొదలుపెట్టండి. తెలుగు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలున్న లిస్టెడ్ సిమెంటు కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. చాలావాటి వార్షిక నివేదికల్లో పదేళ్ల అంకెలు ఒకే పేజీలో దొరుకుతాయి. మీ పాఠకుల్లో ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, వాటికి లారీలు తోలేవాళ్లు, ఆ షేర్లు కొన్నవాళ్లు వేలల్లో ఉంటారు. మే నెలలో ఏడాది ఫలితాలు వస్తాయి కాబట్టి అంతకు ముందే పాత తొమ్మిదేళ్ల పని పూర్తి చేసి పెట్టుకోవచ్చు. కొత్త గడి మొదలయ్యేదాకా, దయచేసి ఆ ఆకుపచ్చ చుక్క మాత్రం తీసేయండి. అంకె వేయడం మీ పని, సరే. చుక్క పెట్టడం అంటే కొనమని చెప్పడమే అవుతుంది.

సిమెంటు కంపెనీల వరకు నా రిజిస్టరులో రాసుకున్న పేజీలు, ధరల సూచీ గుణకాలతో సహా, జిరాక్స్ తీయించి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మీ బిజినెస్ డెస్క్‌లో ఎవరైనా వాటిని అసలు నివేదికలతో సరిచూసి, తేడాలుంటే రాస్తే సరిదిద్దుకుంటాను.

ఇట్లు,
ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగిని,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా.